చాలకాలము నిలిపి ఉంచిన కారు: ఇంజను తడబాటుకు కారణము కనుగొనుట

(రైతుల శిక్షణ తరగతిలో ఒక సేద్యశాస్త్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగ పాఠము)



నేను సేద్యశాస్త్రము బోధించువాడను. వరిలో కలుపు, చెరకునకు ఎరువుల మోతాదు, మాగాణిలో అపరాలు, ఇవి నా పాఠములు. అట్టివాడు ఈనాడు కారు ఇంజనును గూర్చి మాట్లాడుటకు నిలుచుట మీకు వింతగా తోచవచ్చును. నిన్న తరగతి ముగిసిన పిమ్మట ఒక పెద్దాయన నన్ను ఆపి, "అయ్యా, మా అంబాసిడరు రెండేళ్లుగా పాకలో పడి ఉంది. మొన్న తీశాం. స్టార్టు అవుతోంది గాని, కాలు తీస్తే చాలు, గడగడ వణికి ఆగిపోతోంది. మందేమైనా ఉందా?" అని అడిగినారు. ప్రక్కన ఉన్న మరి ఇద్దరు తమ ఇండ్లలోను అటువంటి బండి ఉన్నదన్నారు. ఒకరిది ఫియట్, ఇంకొకరిది పాత పెట్రోలు జీపు. ఈ జబ్బు నాకు పరిచయమే. పుస్తకములో చదివి తెలుసుకొన్నది కాదు, నష్టపడి తెలుసుకొన్నది. కనుక ఈ పూట ఆ సంగతి చెప్పెదను.

ముందుగా ఒక మాట. బండి నిలబడి ఉండగా, ఎక్సిలరేటరు మీదనుండి కాలు తీసినప్పుడు ఇంజను తనంతట తాను నెమ్మదిగా నడుచు నడకను మన మేస్త్రీలు "స్లో" అందురు. ఈ స్లో చెడుట ఒక జబ్బు కాదు. జ్వరము వలె అది ఒక లక్షణము. పది జబ్బులకు ఒకే లక్షణము ఉండవచ్చును. ఏ జబ్బో తెలియకుండ పది మందులు వేసినచో ఏమగునో మా ఇంటి కారు కథ చెప్పును.

మా ఇంటి కారు

మాది గోదావరి కాలువ క్రింది పల్లె. మా నాన్నగారికి 1980లలో తయారైన పెట్రోలు అంబాసిడరు ఉండెడిది. ఆయన 2021లో కాలము చేసినారు. కారును కళ్లము ప్రక్కనున్న రేకుల పాకలో పెట్టి, పైన ఒక పట్టా కప్పి, నేను ఉద్యోగమునకు వచ్చివేసితిని. మూడు వానకాలములు గడచినవి. 2024 సంక్రాంతికి ఇంటికి పోయినప్పుడు క్రొత్త బ్యాటరీ తెప్పించి, టాంకులో మిగిలిన పాత పెట్రోలు మీదనే ఐదు లీటర్ల క్రొత్త పెట్రోలు పోసి, సెల్ఫ్ కొట్టితిని. నాలుగైదు ప్రయత్నములకు ఇంజను అందుకొన్నది. నా ఆనందమునకు మేర లేదు. అయితే కాలు తీసిన వెంటనే ఇంజను ఊగి ఆగిపోవుచున్నది. కార్బొరేటరు మీద స్లో పెంచు స్క్రూ ఉండునని విన్నాను. దానిని నాలుగు త్రిప్పులు త్రిప్పితిని. ఇంజను బిగ్గరగా నడిచినది, ఆగలేదు. జబ్బు కుదిరినదనుకొంటిని.

పండుగ వెళ్లిన మూడవ రాత్రి మా అమ్మకు ఆయాసము వచ్చినది. పట్టణములోని ఆసుపత్రి ఇరువది కిలోమీటర్లు. ఆమెను వెనుక సీటులో పడుకోబెట్టి బయలుదేరితిమి. రైల్వే గేటు వద్ద నెమ్మదించగానే ఇంజను ఆగినది. మరల సెల్ఫ్ కొట్టగా, కొట్టగా, బ్యాటరీ దిగిపోయినది. గేటు తీసినారు, వెనుకనున్న బండ్లు హారను కొట్టుచున్నవి, కారు కదలలేదు. చివరకు ఒక పాల వ్యానువారు దయతలచి అమ్మను ఎక్కించుకొన్నారు. వేళకు చేరితిమి, ఆమె కోలుకొన్నది. ఆసుపత్రి మంచము మీద ఆమె నన్ను నిందింపలేదు. "మీ నాన్నయితే బండి గొంతు విని, అది బాగాలేదని తెలుసుకునేవాడురా" అని మాత్రము అన్నది. ఆ మాట నాకు ఇప్పటికిని గుర్తున్నది.

స్క్రూ త్రిప్పి నేను చేసినది మందు కాదు. జ్వరము కొలుచు గొట్టమును దాచిపెట్టుట.

పంటకు వలెనే పరీక్ష

వరి ఆకు పసుపు బారినదనుకొనుడు. నత్రజని లోపము కావచ్చును, జింకు లోపము కావచ్చును, మురుగు నిలిచి వేరు చెడుట కావచ్చును, దోమ కావచ్చును. తొందరపడు రైతు యూరియా, జింకు, పురుగు మందు, తెగులు మందు అన్నియు ఒకేసారి వేయును. పైరు కోలుకొన్నను ఏది పని చేసినదో తెలియదు. కోలుకొనకున్న సొమ్మును పోవును, కారణమును తెలియదు. తెలివిగల రైతు మొదట ఆకును చూచును. పసుపు ముదురు ఆకులలో మొదలైనదా, లేత ఆకులలోనా? మడి అంతటనా, అక్కడక్కడనా? ముదురు ఆకులు ముందు పాలిపోయిన నత్రజనిని అనుమానించును, లేత ఆకులు పాలిపోయిన ఇనుము, గంధకములను తలచును. ఆ పిమ్మట ఒక్క మందు వేసి, ఒక చాలు వేయకుండ విడిచి, తేడాను చూచును.

ఇంజనుకును ఇదే పద్ధతి. చూడవలెను, వినవలెను, ఒకసారికి ఒకే మార్పు చేయవలెను, ఫలితమును కాగితము మీద వ్రాయవలెను. నా ప్రసంగసారమంతయు ఇంతే. మిగిలినది వివరము.

స్లో నడకలోనే జబ్బు ఎందుకు బయటపడునో తెలిసికొనుట మంచిది. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషమునకు 600 చుట్లు తిరుగుచున్నదనిన, సెకనుకు 20 మార్లు అందు ఇంధనము మండవలెను. ఆ సమయమున ఇంజను పీల్చు గాలి అతి స్వల్పము. పెట్రోలు వచ్చు దారి సూదిమొనంత. కనుక పిసరంత నలుసు అడ్డుపడినను, వెంట్రుకవాసి సందులో దొంగగాలి చొరబడినను నడక చెడును. వేగము పెంచినప్పుడు గాలి, పెట్రోలు విస్తారముగా పారును గనుక ఆ లోపము కప్పబడును. ముదురు పైరు ఓర్చుకొనగల దెబ్బకు లేత నారు వాలిపోవుట మీరు ఎరుగుదురు గదా, ఇదియు అట్టిదే.

స్టార్టు చేయుటకు ముందు

మొదటి జాగ్రత్త ప్రాణమునకు సంబంధించినది. కారును పాకలో ఉంచి ఇంజను నడుపరాదు. స్లో చెడిన ఇంజను పొగలో కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు ఉండును. దానికి రంగు లేదు, వాసన లేదు. మూసిన చోట మనిషిని నిద్రలోవలె చంపివేయును. బండిని ఆరుబయటికి త్రోసి, గడ్డివామికి దూరముగా నిలిపి, చక్రములకు రాళ్లు అడ్డు పెట్టి, గేరు న్యూట్రలులో ఉంచి, అప్పుడే పనికి దిగవలెను. బీడీ, చుట్ట ఆ దరిదాపులకు రారాదు.

తరువాత ఎలుకలు. ధాన్యము, గడ్డి ఉన్న చోటికి ఎలుక రాకుండ ఉండదు. ఎయిర్ క్లీనరు మూత విప్పి చూడవలెను. మా కారులో ఎలుక గూడు, గుప్పెడు వరిపొట్టు దొరికినవి. ప్లగ్గు తీగలు, డైనమో తీగలు కొరికి ఉన్నవేమో చూడవలెను. సైలెన్సరు గొట్టములో కందిరీగ మట్టిగూడు కట్టుటయు కలదు.

ఇంజనాయిలు కొలత పుల్ల తీసి చూడుడు. ఆయిలు పాలు కలిపినట్లు తెల్లగా ఉన్న నీరు చేరినది. పెట్రోలు వాసన వేయుచు, ఉండవలసిన గుర్తు కంటె ఎక్కువ ఉన్నచో పెట్రోలు పంపు లోపలి రబ్బరు పొర చినిగి, పెట్రోలు ఆయిలులోనికి దిగి ఉండవచ్చును. ఈ రెండింటిలో ఏది కనబడినను ఇంజనును త్రిప్పరాదు. కారణము కనుగొని, ఆయిలు మార్చిన పిమ్మటనే త్రిప్పవలెను.

ఏడాదికి మించి నిలిచిన ఇంజనుకు నాలుగు ప్లగ్గులు విప్పి, ఒక్కొక్క సిలిండరులో చెంచాడు ఇంజనాయిలు పోసి, ఒక రాత్రి నాననిచ్చి, మరునాడు హ్యాండిలుతో చేతి బలము మీద త్రిప్పుట మేలు. సులువుగా తిరిగిన పిమ్మట ప్లగ్గులు బిగించవలెను. హ్యాండిలు కదలకున్న బలవంతము చేయక మేస్త్రీని పిలువవలెను.

పాత పెట్రోలు సంగతి

విత్తనమునకు వలె పెట్రోలుకును వయస్సు ఉన్నది. నిలువ ఉన్నకొలది అందలి తేలికపాటి భాగము ఆవిరై పోవును. అది లేనిచో చల్లని ఇంజను సులభముగా అందుకొనదు. మిగిలినది గాలి తగిలి చిక్కబడి, బంక వలె కార్బొరేటరు సందులలో పేరుకొనును.

దీనికి తోడు ఈనాటి పెట్రోలులో మన పంటయే కలిసి ఉన్నది. చెరకు మడ్డి, చెరకు రసము, నూకలు, మొక్కజొన్న, వీనినుండి తీసిన ఇథనాలును పెట్రోలులో కలుపుచున్నారు. మన దేశములో ఈ కలుపుట 2022లో నూటికి 10 పాళ్లకు, 2025లో 20 పాళ్లకు చేరినది. రైతుకు ఇది మేలే. అయితే పాత కారు కలవారు మూడు విషయములు ఎరిగి ఉండవలెను.

ఒకటి, ఇథనాలు గాలిలోని తేమను పీల్చుకొనును. తేమ మితిమీరినప్పుడు నీరు, ఇథనాలు కలిసి పెట్రోలునుండి విడివడి టాంకు అడుగునకు చేరును. ఇంజనుకు పెట్రోలు పోవు గొట్టము నోరు ఉన్నదియు ఆ అడుగుననే. కోస్తా వానలలో సగము ఖాళీ టాంకుతో మూడేండ్లు నిలిచిన బండి సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. రెండు, పాతకాలపు రబ్బరు గొట్టములను, పంపు పొరలను ఇథనాలు ఉబ్బించి, పగుల్చును. ఇథనాలుకు తట్టుకొను రకము గొట్టములు ఇప్పుడు దొరకుచున్నవి, అవియే వేయవలెను. మూడు, కిలో పెట్రోలు పూర్తిగా మండుటకు సుమారు 14.7 కిలోల గాలి కావలెను, కిలో ఇథనాలుకు 9 కిలోలు చాలును. అనగా, పాత పెట్రోలుకు అమర్చిన కార్బొరేటరులో ఈనాటి పెట్రోలు పోసినచో గాలి పాలు కొంచెము ఎక్కువగును. మేస్త్రీలు దీనిని "లీన్" అందురు. ఈ కొంచెము తేడా ఒక్కటే ఇంజనును ఆపివేయదు గాని, మరియొక లోపమునకు తోడైనచో దానిని పెంచును.

కనుక చేయవలసిన పని ఇది. బ్యాటరీ తీగ విప్పి, చల్లని ఇంజను మీద, ఆరుబయట, టాంకులోని పాత పెట్రోలునంతయు దింపవలెను. అందులో కొంత ఒక గాజు సీసాలో పోసి గంటసేపు కదలక ఉంచుడు. అడుగున వేరు పొర కనబడిన నీరు చేరినది. తుప్పు రజను దిగిన టాంకు లోపల త్రుప్పు పట్టినది. రంగు ముదిరి, వార్నీషు వాసన వేసిన పెట్రోలు కుళ్లినది. మా సీసాలో ఈ మూడును కనబడినవి! దింపిన పెట్రోలును కాలువలో గాని, చేనిలో గాని పారబోయరాదు. మూత గల డబ్బాలో ఉంచి, ఎవరికి అప్పగింపవలెనో మేస్త్రీని అడుగుడు. పిమ్మట క్రొత్త ఫిల్టరు వేసి, క్రొత్త పెట్రోలు పోసి, మరల చూడవలెను. చాల బండ్లలో సగము జబ్బు ఇక్కడనే తీరును.

చెవితో పరీక్ష

ఇంజను వేడెక్కక ముందు స్లోను గూర్చి తీర్పు చెప్పరాదు. చోకు మీద స్టార్టు చేసి, పది పదునైదు నిమిషములు నడిపి, చోకు పూర్తిగా త్రోసిన పిమ్మట వినవలెను.

సైలెన్సరు గొట్టము చివర నిలువబడి వినుడు. తడబాటు తాళము తప్పనిదా, తాళము లేనిదా? "డుగ్-డుగ్-డుగ్-ఫుస్" అని నాలుగింట ఒకటి క్రమముగా తప్పుచున్నచో ఒక సిలిండరు పనిచేయుటలేదని అర్థము. నడక ఒకసారి ఎగసి, ఒకసారి కుంగి, తాళము లేక ఊగుచున్నచో అది సాధారణముగా నాలుగు సిలిండర్లకును సంబంధించిన గాలి-పెట్రోలు పాళ్ల లోపము.

మరియొక ప్రశ్న. వేగము పెంచినప్పుడు నడక బాగుపడుచున్నదా? బాగుపడిన స్లో జెట్టు మూసుకొనుట, దొంగగాలి, లేక ఒక వాల్వు సరిగా మూసుకొనకపోవుట అనుమానింపవలెను. వేగము పెంచిన కొలది మరింత చెడిన పెట్రోలు చాలినంత రాకపోవుట, లేక స్పార్కు లోపము అనుమానింపవలెను.

ఈ రెండు ప్రశ్నలకు ఒక్క పైసా ఖర్చు లేదు. అయినను నూటికి తొంబది మంది వీనిని అడుగకయే పాన చేతబట్టుదురు. ఆ తొంబది మందిలో నేనును ఒకడను.

ఒక సిలిండరు పనిచేయనప్పుడు

ఏ సిలిండరో తెలిసికొనుటకు ఇంజను ఆపి, ఒక ప్లగ్గు తీగను ఊడదీసి, దానిని వేరొక పాత ప్లగ్గుకు తగిలించి, ఆ ప్లగ్గు లోహభాగము ఇంజనుకు గట్టిగా ఆనియుండునట్లు కట్టి, స్టార్టు చేయవలెను. నడక మరింత చెడిన ఆ సిలిండరు బాగుగా పనిచేయుచున్నదని అర్థము. ఏ తేడాయు లేకున్న, జబ్బు సిలిండరు అదియే. ఇట్లు నాలుగింటిని చూడవలెను. ఇంజను నడుచుచుండగా చేతితో తీగలు లాగరాదు, తీవ్రమైన షాకు కొట్టును.

జబ్బు సిలిండరు ప్లగ్గును ప్రక్క సిలిండరు ప్లగ్గుతో మార్చుడు. జబ్బు ప్లగ్గు వెంట పోయినచో దోషము ప్లగ్గుది. అక్కడనే నిలిచినచో తీగను మార్చి చూడుడు. అప్పటికిని నిలిచినచో మేస్త్రీ వద్ద కంప్రెషను కొలిపించవలెను. ఒక సిలిండరు మాత్రమే తక్కువ చూపినప్పుడు అందులో చెంచాడు ఆయిలు పోసి మరల కొలువవలెను. కొలత పెరిగిన రింగుల లోపము, పెరుగకున్న వాల్వు లోపము. ప్రక్క ప్రక్కనున్న రెండు సిలిండర్లు తక్కువ చూపిన హెడ్ గాస్కెటు కాలినదేమోనని చూడవలెను.

నిలిచిన బండిలో వాల్వు సంగతి ప్రత్యేకముగా చెప్పవలెను. ఇంజను ఆగినప్పుడు ఏదో ఒక సిలిండరు వాల్వు తెరచియే ఉండును. మూడు వానకాలముల తేమ ఆ తలుపు గుండా లోపలికి పోయి, వాల్వు కాడకు, అది కూర్చుండు చోటికి త్రుప్పు పట్టించును. స్వల్పమైనచో కొన్ని మైళ్లు నడిచిన పిమ్మట సర్దుకొనును. కాబట్టి కంప్రెషను తక్కువ అనగానే హెడ్డు విప్పుటకు తొందరపడక, ముందు ట్యాపెట్ల సందు సరిచూచి, బండిని కొద్దిగా నడిపి, మరల కొలువవలెను.

స్పార్కు వైపు మరి రెండు మాటలు. పాయింట్లు గల పాత బండ్లలో డెల్కో మూత క్రింది పాయింట్లు వాడకము లేక మకిలిపట్టును. సన్నని ఆకురాయితో శుభ్రము చేసి, సందు సరిచేయవలెను. అంబాసిడరు పెట్రోలు ఇంజనుకు పాయింట్ల సందు సుమారు 0.4 మిల్లీమీటరు, ప్లగ్గుల సందు సుమారు 0.6 మిల్లీమీటరు. ఇతర బండ్లకు వాని పుస్తకములోని కొలతయే ప్రమాణము. చీకటి పడిన పిమ్మట బానెట్టు ఎత్తి ఇంజను నడిపి చూచినచో, పగిలిన డెల్కో మూత మీదను, ఎలుక కొరికిన తీగల మీదను నీలిరవ్వలు ప్రాకుట కంటికి కనబడును.

నాలుగును తడబడునప్పుడు

ఇప్పుడు మా కారు కథకు తిరిగి వత్తును. ఆ రాత్రి తరువాత కారును పట్టణములోని ఒక వర్కుషాపుకు ఈడ్పించితిని. వారు టాంకు కడిగినారు, కార్బొరేటరు విప్పి శుభ్రము చేసినారు, ప్లగ్గులు, కాయిలు, కండెన్సరు, తీగలు అన్నియు క్రొత్తవి వేసినారు. అన్నియు ఒకే రోజున! ఎనిమిది వేల రూపాయలైనవి. స్లో మాత్రము కుదురలేదు. "ఇంజను పాడైంది, బోరు కొట్టించాలి" అన్నారు. మా బాబాయి తూకము లెక్కన అమ్మివేయుమని సలహా ఇచ్చినాడు.

అమ్ముటకు నాకు మనసొప్పక, నాన్నగారి కాలములో ఆ కారును చూచుచుండిన ముసలి మేస్త్రీగారి ఇంటికి పోతిని. ఆయన వచ్చి, పాన పట్టక, నిలువబడి విన్నారు. పిమ్మట చోకును అరంగుళము లాగినారు. ఇంజను చక్కబడినది! త్రోసినారు. మరల తడబడినది. "బాబూ, ఇది తిండి చాలక ఏడుస్తోంది. గాలి ఎక్కువైంది, పెట్రోలు తక్కువైంది" అన్నారు.

ఈ చోకు పరీక్షను మీరు గుర్తుంచుకొనవలెను. వేడెక్కిన ఇంజనుకు చోకు కొంచెము లాగినప్పుడు నడక బాగుపడిన గాలి ఎక్కువ. అనగా స్లో జెట్టు మూసుకొన్నది, లేక ఎక్కడనో దొంగగాలి చొరబడుచున్నది. చోకు లాగినప్పుడు మరింత చెడి, నల్లపొగ వచ్చిన పెట్రోలు ఎక్కువ. అనగా కార్బొరేటరులో తేలుడు బుడ్డి గాని, దాని సూది గాని ఇరుక్కొని పెట్రోలు పొర్లుచున్నది, లేక చోకు పూర్తిగా తెరచుకొనుట లేదు.

"జెట్టు శుభ్రం చేశారు గదండీ, మళ్లీ గాలి ఎక్కువ ఎలా అవుతుంది?" అంటిని. ఆయన నవ్వి, ఆయిలు బుడ్డి తీసికొని కార్బొరేటరు అడుగున, అది ఇంజనుకు బిగించిన అతుకు చుట్టును ఒక్కొక్క చుక్క వేయుచు వచ్చినారు. వెనుకవైపు ఒక చోట చుక్క పడగానే ఇంజను దానిని పీల్చివేసినది. రెండు మూడు సెకనులు నడక మారినది. సైలెన్సరునుండి సన్నని నీలిపొగ వచ్చినది. "ఇదిగో దొంగ" అన్నారు.

జరిగినది ఇది. మొదటి జబ్బు స్లో జెట్టులో బంక. వర్కుషాపువారు దానిని సరిగానే తీసినారు. అయితే కార్బొరేటరు తిరిగి బిగించునప్పుడు దాని అడుగున ఉండు పాత గాస్కెటునే, నలిగి చివికిన దానినే, మరల వేసినారు. జబ్బు తీసిన చేయియే క్రొత్త జబ్బు పెట్టినది. లక్షణము రెండింటికిని ఒకటే గనుక, జెట్టు దోషము కాదని తలచి, కాయిలు మీదికి, కండెన్సరు మీదికి, చివరకు ఇంజను మీదికే నింద మోపినారు. కార్బొరేటరు బిగించిన వెంటనే, వేరేమియు ముట్టుకొనక, ఒక్కసారి ఇంజను నడిపి విని ఉండినచో అప్పుడే బయటపడెడిది. గాస్కెటు ఖరీదు ఒక పూట టిఫిను ఖర్చుకు మించలేదు.

నేను ఆయనను తప్పు పట్టగల మేస్త్రీల జాబితా చెప్పబోవగా, "ముందు స్లో స్క్రూ తిప్పింది ఎవరు బాబూ?" అని అడిగినారు. నేను మాటాడలేదు.

దొంగగాలి చొరబడు చోట్లు ఇవి: కార్బొరేటరు అడుగు గాస్కెటు, మానిఫోల్డు ఇంజనుకు అతుకు చోటు, డెల్కోకు పోవు సన్నని వాక్యూం గొట్టము, కొన్ని బండ్లలో బ్రేకు సర్వోకు పోవు లావు గొట్టము. గొట్టములను ఒక్కొక్కదానిని వ్రేళ్లతో నొక్కిపట్టి వినుడు. నడక మారినచో దోషము ఆ దారిలో ఉన్నది. అతుకుల వద్ద ఇంజనాయిలు చుక్క గాని, సబ్బు నీరు గాని వాడుడు. పెట్రోలు చల్లి పరీక్షించువారున్నారు. వేడి ఇంజను మీద అది నిప్పుతో చెలగాటము, చేయరాదు.

స్లో జెట్టు శుభ్రము చేయునప్పుడు పెట్రోలులో నానబెట్టి, సైకిలు పంపుతో గాలి ఊదవలెను. ఇనుప తీగ దూర్చరాదు. మెత్తని ఇత్తడి రంధ్రము పెద్దదై, అటుపిమ్మట ఎన్నటికిని పాళ్లు కుదురవు.

స్క్రూ ముట్టుట అన్నిటికంటె చివరి పని

పెట్రోలు, స్పార్కు, కంప్రెషను, దొంగగాలి, ఇవన్నియు సరియని తేలిన పిమ్మటనే కార్బొరేటరు స్క్రూలు ముట్టవలెను. ముట్టునప్పుడు పాళ్ల స్క్రూను మెల్లగా లోపలికి, ఆనునంతవరకు, త్రిప్పుచు ఎన్ని చుట్లు పోయినదో లెక్కించి వ్రాసికొనుడు. గట్టిగా బిగించినచో సూదిమొన చెడును. పిమ్మట లెక్క ప్రకారము వెనుకకు త్రిప్పినచో పూర్వస్థితి వచ్చును. అక్కడనుండి పావు చుట్టు చొప్పున ఇటునటు త్రిప్పి, ఇంజను ఏ చోట నున్నగా, కొంచెము వేగముగా నడుచునో అక్కడ నిలిపి, ఆపైన స్లో స్క్రూతో వేగము తగ్గించవలెను. ఇథనాలు కలిసిన పెట్రోలుకు పాళ్ల స్క్రూ పూర్వము కంటె కొంచెము ఎక్కువ తెరువవలసి రావచ్చును. చివరగా కాలుష్య పరీక్ష కేంద్రమునకు పోయి స్లోలో పొగను కొలిపించినచో, మన చెవి చెప్పినది నిజమో కాదో యంత్రము చెప్పును.

రోడ్డు ఎక్కుటకు ముందు బ్రేకులు, టైర్లు తప్పక చూపించవలెను. నిలిచిన బండిలో ఇంజను కంటె బ్రేకు ముందు చెడును. రిజిస్ట్రేషను గడువును చూచుకొనుడు. సొంత కారుకు 15 ఏండ్ల పిమ్మట ఐదేండ్లకొకసారి తిరిగి చేయించవలెను.

ఇక నిలిపి ఉంచవలసియే వచ్చినచో? పెట్రోలు పూర్తిగా దింపి, కార్బొరేటరు ఎండునంతవరకు ఇంజను నడిపి, బ్యాటరీ తీగ విప్పి, సైలెన్సరు నోటికి గుడ్డ కట్టి (తీయుట మరువకుండ స్టీరింగుకు చీటీ కట్టి), ధాన్యమునకు దూరముగా పెట్టవలెను. వీలున్నచో నిలుపుట కంటె పక్షమునకొకసారి పది మైళ్లు త్రిప్పుటయే ఉత్తమము.

జ్ఞాపకముంచుకొనవలసిన అంశములు

1. ఆరుబయటనే ఇంజను నడుపవలెను. పాకలో విషవాయువు, నిప్పు, రెండును ప్రమాదములే.
2. పాత పెట్రోలు మీద క్రొత్తది పోయరాదు. దింపి, సీసాలో చూచి, పిమ్మట క్రొత్తది పోయవలెను.
3. వేడెక్కిన పిమ్మట వినవలెను. తాళము తప్పని తడబాటు ఒక సిలిండరుది, తాళము లేనిది అన్నిటిది.
4. చోకు లాగి చూడవలెను. బాగుపడిన గాలి ఎక్కువ, చెడిన పెట్రోలు ఎక్కువ.
5. ఒకసారికి ఒకే మార్పు. ప్రతి మార్పు తరువాత నడిపి, విని, వ్రాయవలెను.
6. విప్పిన ప్రతి అతుకునకు క్రొత్త గాస్కెటు.
7. స్లో స్క్రూ చివరిది.

సోదరులారా, ఆ కారు ఈనాడు మా ఇంట నడుచుచున్నది. అమ్మను నెలకొకసారి వైద్యునికి చూపించుటకు దానిలోనే తీసికొనిపోవుచున్నాను. రైల్వే గేటు వద్ద ఆగినప్పుడెల్ల ఆమె ఒక క్షణము మాటలాపి ఇంజను చప్పుడు వినును. నేనును విందును. మీ ఇంట పాకలో బండి ఉన్నచో, అవసరము వచ్చిన రాత్రి కాక, తీరిక ఉన్న పగలే దానిని బయటికి తీసి, దాని మాట వినుడని నా మనవి.